పెనాంగ్‌లో ఇంటిల్లిపాదికీ స్థానిక రుచులు చూపించడం ఎలా: విశాఖ కుటుంబాలకు

విశాఖపట్నం నుంచి కుటుంబంతో మలేషియాలోని పెనాంగ్ రాష్ట్రానికి వెళ్లేవారు భోజనం విషయంలో సాధారణంగా రెండు పొరపాట్లలో ఒకటి చేస్తారు. పెట్టె నిండా పొడులు, అప్పడాలు, పచ్చళ్లు సర్దుకుని వెళ్లి, ఉన్న వారం రోజులూ హోటల్ గదిలో కరెంటు కుక్కర్ ముందు కూర్చోవడం మొదటిది. దిగిన రాత్రే వీధిలోకి వెళ్లి, పేరు తప్ప ఏమీ తెలియని వంటకాన్ని అందరికీ తలా ఒకటి చెప్పి, ఎవరూ తినలేక, మర్నాటి నుంచి ఇడ్లీ దొరికే చోటు వెతుక్కోవడం రెండోది.

మేము చేసింది రెండోది. శాకాహారి అయిన మా అత్తగారికి “వెజిటేరియన్” అని చెప్పి తెప్పించిన నూడుల్స్‌లో మాంసం ముక్కలు లేవు గానీ, అవి తేలుతున్న పులుసు రొయ్యలతో కాచినది. అడగవలసిన ప్రశ్న అడగకపోవడం మా తప్పే. ఆ రాత్రి ఆవిడ రెండు అరటిపండ్లు తిని పడుకున్నారు. మిగిలిన ఆరు రోజులూ పద్ధతి మార్చుకుని గడిపాం కనుక, ఆ పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. కొత్త రుచులకు ఒక వరుస ఉంటుందని, ఆ వరుస తప్పితే మంచి వంటకం కూడా నోటికి చేదవుతుందని మాకు అప్పుడే తెలిసింది.

బయలుదేరడానికి ముందు రాసుకోవలసిన కాగితం

ప్రయాణానికి వారం ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పేరు కింద మూడు వరుసలు రాయండి. ఆచారం వల్ల తిననివి మొదటి వరుసలో, ఒంటికి పడనివి రెండో వరుసలో, కేవలం ఇష్టం లేనివి మూడో వరుసలో ఉండాలి. ఈ మూడింటినీ కలిపేయడం వల్లనే బల్ల దగ్గర గొడవలు వస్తాయి. మొదటి రెండు వరుసల మీద ఎవరూ ఎవరినీ బతిమాలకూడదు. ప్రయత్నం ఏదైనా మూడో వరుసకే పరిమితం కావాలి. అత్తగారు గుడ్డు తినకపోవడాన్ని, అబ్బాయి వంకాయ తినకపోవడాన్ని ఒకే గాటన కట్టడం ఇద్దరికీ అన్యాయమే.

తేదీలు కూడా ఈ కాగితం మీదే తేల్చుకోవాలి. కార్తీక మాసంలో మాంసం ముట్టని ఇళ్లు, శనివారం నియమం పాటించే ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి కనుక, టికెట్లు కొనకముందే పంచాంగం చూసుకోవడం మంచిది. రంజాన్ నెలలో వెళితే మలయ్ భోజనశాలలు చాలావరకు పగలు మూసి ఉంటాయి. సాయంత్రం మాత్రం ఉపవాస విరమణ కోసం వీధి బజార్లు వెలుస్తాయి. చైనా పంచాంగంలో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు పెనాంగ్ చైనీయులు తొమ్మిది మంది చక్రవర్తి దేవతల పండుగ చేసుకుంటారు. చాలా ఏళ్లలో ఇది మన దసరా నవరాత్రుల రోజుల్లోనే వస్తుంది. ఆ రోజుల్లో భక్తులు శాకాహారమే తింటారు, పసుపు జెండాలు కట్టిన శాకాహార దుకాణాలు వీధివీధినా కనిపిస్తాయి. శాకాహారులైన పెద్దవారిని తీసుకెళ్లడానికి ఇంతకన్నా అనువైన కాలాన్ని నేను చెప్పలేను.

సామానులో ఇంటి తిండి బొత్తిగా ఉండకూడదని నేను అనను. ఒక కందిపొడి పొట్లం, కొంచెం అటుకులు, పెద్దవారి మందులు, ఓఆర్ఎస్ పొట్లాలు చాలు. నూనె తేలే పచ్చళ్లను చేతిసంచిలో పెడితే తనిఖీలో ఆపే అవకాశం ఉంది. ఎండుకొబ్బరి త్వరగా అంటుకునే వస్తువు కనుక, దానిని విమానంలో వేసే పెట్టెలో పెట్టనివ్వరు. ప్రసాదం కురిడీలు తెచ్చుకునే అలవాటున్న వారు ఇది గుర్తుంచుకోవాలి.

కొన్ని మాటలు నేర్చుకోండి

ఇంగ్లీషుతో పని జరుగుతుంది, పెనాంగ్ రాజధాని జార్జ్ టౌన్‌లోని లిటిల్ ఇండియా చుట్టుపక్కల తమిళంతోనూ జరుగుతుంది. అయినా తినే పదార్థాల పేర్లు మాత్రం మలయ్‌లో తెలిసి ఉండాలి, ఎందుకంటే బోర్డుల మీద ఉండేవి అవే. ఆయమ్ అంటే కోడి, ఇకాన్ అంటే చేప, ఉడాంగ్ అంటే రొయ్య, తెలుర్ అంటే గుడ్డు, కంబింగ్ అంటే మేక, సాయుర్ అంటే కూరగాయ. డాగింగ్ అంటే మాంసమని అర్థమైనా, భోజనశాలలో ఆ మాట చాలావరకు గొడ్డు మాంసాన్నే సూచిస్తుంది. లెంబు అంటే ఆవు. గొడ్డు మాంసం తినని వారు ఈ రెండు మాటలూ, రెండాంగ్ అనే వంటకం పేరూ కంఠస్థం చేయాలి. రెండాంగ్‌ను కోడితోనూ చేస్తారు కాబట్టి, ఏ మాంసమో ప్రతిసారీ అడగాలి.

పంది మాంసాన్ని బాబి అంటారు. మన ఇళ్లలో ఇది ముద్దుపేరు. మీ పిల్లవాడి పేరు అదే అయితే, ముస్లిం భోజనశాలలో గట్టిగా పిలవకుండా ఆ వారం రోజులూ వాడి అసలు పేరు వాడుకోండి.

ఇక కొసోంగ్ అనే మాట ఒక్కటే మూడు పనులు చేస్తుంది: ఖాళీ అని, సున్నా అని, ఏమీ కలపనిది అని దానికి అర్థాలు. టీ దగ్గర కొసోంగ్ అంటే చక్కెర వేయరు, రొట్టె దగ్గర అంటే లోపల ఏమీ కూరరు, పింగాన్ కొసోంగ్ అంటే ఖాళీ పళ్లెం ఇస్తారు. ఈ చివరిది మనకు అన్నిటికన్నా ముఖ్యం. అక్కడ ఒకే పళ్లెంలోంచి నలుగురు స్పూన్లతో తీసుకోవడం మామూలే గానీ, ఎంగిలి పట్టింపు ఉన్న మన పెద్దవారికి అది చూస్తేనే ఆకలి చచ్చిపోతుంది. వంటకం రాగానే, ఎవరూ ముట్టకముందే, శుభ్రమైన స్పూనుతో ఖాళీ పళ్లేల్లోకి పంచేయండి.

మొదటి రోజు కడుపు గడియారాన్ని చూడండి

మలేషియా సమయం మన కంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది. అక్కడ ఒంటిగంటకు భోజనానికి కూర్చుంటే, మీ పిల్లల కడుపులో ఇంకా పదిన్నరే. ఆకలి లేని పిల్లవాడి ముందు కొత్త వంటకం పెట్టి, వాడు వద్దంటే “వీడికి ఏదీ నచ్చదు” అని తీర్మానించడం తొందరపాటు. మొదటి రోజు మధ్యాహ్నం పండ్లు, రొట్టె వంటి తేలిక వాటితో సరిపెట్టి, అసలు ప్రయత్నాన్ని రాత్రికి ఉంచండి. మన ఎనిమిదిన్నర అక్కడ రాత్రి పదకొండు. పెనాంగ్ రాత్రి బళ్లు చాలావరకు అప్పటికి ఇంకా సందడిగానే ఉంటాయి.

తెలిసిన దాని నుంచి తెలియని దాని వైపు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదవాలనుకుంటే ఇది చదవండి. నాలుక కొత్త చోటికి వెళ్లేటప్పుడు దానికి ముందే పరిచయమున్న తలుపు చూపించాలి. పెనాంగ్‌లో అటువంటి తలుపులు చాలా ఉన్నాయి.

మొదటి ఉదయం రోటి చనాయ్ తినండి. అది మన పరోటాకు దగ్గరి చుట్టం. పక్కన పప్పు, కూర పులుసు ఇస్తారు. దీన్ని అమ్మే తమిళ ముస్లిం దుకాణాలను మామక్ అంటారు, ఆ మాటకు మూలం తమిళ “మామ”యే. పుట్టు మాయమ్ అనేది మనం ఇడియాప్పం పేరుతో ఎరిగినదే. కొబ్బరి కోరు, తాటి బెల్లాన్ని తలపించే బెల్లంతో ఇస్తారు. అపోమ్‌ను చూడగానే పిల్లలు అట్టు అంటారు, వారు పొరబడినట్టు కాదు. మలేషియా ప్రజల ఉదయపు తిండి సంస్కృతిని 2024లో యునెస్కో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. విహారయాత్రలో పొద్దున్నే లేవని ఇంటివారిని లేపడానికి ఈ సంగతి కొంతవరకు ఉపయోగపడుతుంది.

రెండో రోజు నాసి లెమాక్. కొబ్బరి పాలల్లో, పాండాన్ అనే సువాసన ఆకుతో వండిన అన్నం, దోసకాయ ముక్కలు, గుడ్డు, వేయించిన వేరుశనగ గుళ్లు, ఎర్రటి సంబాల్, కరకరలాడే చిన్న ఎండు చేపలు. ఆ ఎండు చేపలు మరేవో కావు, మన ఎండు నెత్తళ్ల జాతివే. పూర్ణా మార్కెట్లో ఎండు చేపల వరుస దాటి నడిచిన ముక్కుకు ఈ పళ్లెం పరాయిది కాదు. సంబాల్ మాత్రం మన కారానికి భిన్నంగా ఉంటుంది: మిరపకాయ కంటే ముందు తీపి, ఆ వెనుక బెలాచాన్ అనే రొయ్యల ముద్ద వాసన తెలుస్తాయి. మొదట దాన్ని అన్నంలో కలిపేయకుండా, పచ్చడి నంజుకున్నట్టు అంచుకు పెట్టుకుని తినండి.

మూడో రోజు మధ్యాహ్నం నాసి కందర్‌కు వెళ్లండి. కందర్ అంటే కావడి. ఒకప్పుడు తమిళ ముస్లిం వర్తకులు ఒక బుట్టలో అన్నం, మరో బుట్టలో కూరలు పెట్టుకుని కావడి భుజాన వేసుకుని అమ్మేవారు. ఇప్పటికీ అన్నం మీద నాలుగైదు కూరల పులుసులు కలిపి పోయడమే దాని ప్రత్యేకత. ఎవరికి ఏ పులుసు పడదో వారు ముందే చెప్పాలి, పోశాక వేరు చేయడం అసాధ్యం. శాకాహారులను ఇక్కడికి తీసుకురావద్దని నా సలహా. ఒకే గరిటె అన్ని గిన్నెల్లోనూ తిరుగుతుంది.

ఈ మూడూ అయ్యాకే ఆసమ్ లక్సా. మేము మొదటి రాత్రే చెప్పి భంగపడ్డది దీని దగ్గరే. నాలుగో రోజు అదే వంటకాన్ని మా వారు రెండుసార్లు తెప్పించుకున్నారు. ఆసమ్ అంటే పులుపు. చేపను ఉడికించి, ముళ్లు తీసి, చిదిపి, చింతపండు పులుపుతో కాచిన పులుసులో లావుపాటి బియ్యపు నూడుల్స్ వేసి, పైన అనాస, దోసకాయ, ఉల్లిపాయ, పుదీనా, టార్చ్ జింజర్ అనే అల్లం జాతి పూమొగ్గ తరుగు చల్లుతారు. ఇందులో ఎక్కువగా వాడే చేపను అక్కడ ఇకాన్ కెంబుంగ్ అంటారు, అంటే మన కానాగంత. ఈ చేప శాస్త్రీయ నామంలోని “కానగుర్త” తెలుగు మాటే: వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన చేపలను స్థానిక పేర్లతో సహా వర్ణించి 1803లో ప్రచురించగా, 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే ఆ పేరునే శాస్త్రానికి స్థిరపరిచాడు. కానాగంతల పులుసు తిని పెరిగిన వారికి ఈ గిన్నెలో కొత్తవి రెండే ఉంటాయి: పుదీనా, అనాస వేసిన పులుసు ఒకటి, చివర కలిపే హే కో అనే నల్లటి రొయ్యల పాకం ఒకటి. ఆ పాకాన్ని విడిగా స్పూనులో ఇమ్మని అడిగి, సగం గిన్నె అది లేకుండా తిన్నాక కలుపుకోండి.

చార్ క్వే తియావ్‌ను ఇంకా వెనక్కి ఉంచడానికి కారణం వేరు. పెద్ద మంట మీద వెడల్పాటి బియ్యపు నూడుల్స్‌ను రొయ్యలు, గుడ్డు, మొలకలు, చిన్న గుల్లలతో వేయించే ఈ వంటకాన్ని చైనీయుల బళ్ల దగ్గర పంది కొవ్వుతో చేయడం పరిపాటి. అది పట్టింపు అయితే ముస్లిం వంటవారు చేసే రకం ఎంచుకోండి. గుల్లలు సరిగా ఉడకకపోవచ్చు కనుక వాటిని వేయవద్దని చెప్పడమే క్షేమం.

డూరియన్ పండును చివరి రోజుకు వదిలేయండి. హోటళ్లు దాన్ని గదుల్లోకి రానివ్వవు. బండి దగ్గరే నిలబడి తినాలి, ఇష్టం లేనివారు గాలి వచ్చే వైపున నిలబడాలి.

శాకాహారులను కాపాడుకోవడం

“వెజిటేరియన్” అన్న మాట ఒక్కటే సరిపోదని మా అనుభవం చెప్పింది. తినని పదార్థాల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పాలి. కంటికి శాకాహారంలా కనిపించి మోసం చేసే వంటకాలు ఇవి: కంగ్‌కుంగ్ వేపుడు మన తూటికూరే అయినా సాధారణంగా రొయ్యల ముద్దతో వేయిస్తారు. పండ్ల ముక్కలతో చేసే రోజాక్ మీద పోసే నల్లటి పాకంలోనూ రొయ్యలే. హైనాన్ కోడి అన్నం దగ్గర ముక్కలు వద్దని తెల్లన్నం మాత్రమే తీసుకుందామనుకుంటే, ఆ అన్నమే కోడి రసంలో, కోడి కొవ్వుతో వండినది. రొట్టె మీద రాసే కాయా అనే కొబ్బరి జామ్‌లో గుడ్లు ఉంటాయి. రోటి చనాయ్ పిండిలో కూడా కొన్ని చోట్ల గుడ్డు కలుపుతారు.

వీటికి పరిష్కారం రెండు చోట్ల ఉంది. లిటిల్ ఇండియాలో, 1833 నాటి శ్రీ మహామారియమ్మన్ ఆలయం చుట్టుపక్కల, తమిళ శాకాహార భోజనశాలలు ఉన్నాయి. అయితే అంత దూరం వెళ్లి సాంబారే తినడం ఎందుకని అడిగేవారు చైనీయ బౌద్ధుల శాకాహారశాలలకు వెళ్లాలి. బోర్డు మీద చాలాచోట్ల స్వస్తిక గుర్తు ఉంటుంది. నిష్ఠగా నడిపే చోట మాంసమే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. ఉల్లి తినని మా అత్తగారు పరాయి దేశంలో భయం లేకుండా కడుపు నిండా తిన్న మొదటి భోజనం అక్కడిదే. గుడ్డు, పాలు వాడతారో లేదో మాత్రం అడగాలి. సోయాతో, గోధుమ జిగురుతో అచ్చం మాంసంలా చేసిన ముక్కలు కూడా పెడతారు కనుక, వడ్డించక ముందే పెద్దవారికి ఆ సంగతి చెప్పి ఉంచండి. చెప్పకపోతే పళ్లెం చూసి లేచిపోతారు.

బళ్ల దగ్గర చెప్పే పద్ధతి

చాలా బళ్లు ఒకే ప్రాంగణంలో ఉండే చోట, ముందుగా ఒకరు బల్ల చూసుకుని కూర్చోవాలి, దాని సంఖ్య గుర్తుంచుకోవాలి. మిగిలినవారు బండి బండికీ వెళ్లి ఆ సంఖ్య చెప్పి రావాలి. వంటకం బల్ల దగ్గరికి వచ్చినప్పుడే చాలాచోట్ల డబ్బు ఇవ్వాలి, అందుచేత చిన్న నోట్లు దగ్గర ఉంచుకోండి. తాగేవి అమ్మే హక్కు సాధారణంగా ఆ ప్రాంగణం యజమానిది. ఏమీ తాగకుండా కూర్చుంటే కొన్ని చోట్ల విడిగా రుసుము వేస్తారు. చిన్నదా పెద్దదా అని అడిగితే ఎప్పుడూ కెచిల్, అంటే చిన్నది అనండి. ఒక పూట ఒకే కొత్త వంటకం, అది కూడా ఒకే పళ్లెం, మిగిలినవి తెలిసినవి: ఈ లెక్క ప్రకారం నడిస్తే ఎవరికీ నచ్చకపోయినా నష్టం ఒక్క పళ్లెమే. చైనీయుల బండి దగ్గర కొన్నది పట్టుకుని ముస్లిం దుకాణపు బల్ల దగ్గర కూర్చోకూడదు. హలాల్ నియమం రీత్యా అది వారికి పెద్ద ఇబ్బంది.

చక్కెర వ్యాధి ఉన్నవారు తే తారిక్ అనే పాల టీ విషయంలో జాగ్రత్త పడాలి. అది తీపి కండెన్స్‌డ్ పాలతో కలిపేది కనుక, చక్కెర వద్దన్నంత మాత్రాన తీపి పోదు. తే ఓ కొసోంగ్ అంటే పాలూ చక్కెరా లేని టీ వస్తుంది.

పిల్లలతో

బలవంతం వద్దు, లంచమూ వద్దు. ఏ బండి దగ్గర ఆగాలో ఎంచుకునే పని వారికే అప్పగించండి. మా అమ్మాయి ముందుగా పట్టుకున్నది అపామ్ బాలిక్, అంటే వేరుశనగ పొడి, చక్కెర చల్లి మడత పెట్టే మందపాటి అట్టు. ఆ తరువాత చెండోల్, అంటే ఆకుపచ్చటి పిండి పోగులు, కొబ్బరి పాలు, బెల్లం పాకం, మంచు. తీపి దారిన వెళ్లి కారానికి చేరడం పిల్లల పద్ధతి, దానికి అడ్డు చెప్పనవసరం లేదు. వేరుశనగ పడని పిల్లలు ఉంటే, సాతే అనే పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం పక్కన ఇచ్చే పులుసు, రోజాక్, నాసి లెమాక్ మూడింటిలోనూ అది ఉంటుందని మరవకండి. రొయ్యలు పడనివారికైతే సంబాల్ ఉన్న ప్రతి పళ్లెం అనుమానించదగినదే; రొయ్యలు పడవని ఒక కాగితం మీద మలయ్‌లో రాయించుకుని వంటవారికి చూపండి.

కడుపు చెడకుండా ఉండటానికి పెద్ద సూత్రాలేమీ లేవు. కళ్ల ముందు వేడిగా వండినది తినాలి, రద్దీ ఉన్న బండి ఎంచుకోవాలి, సీసా నీరు గానీ కాచిన నీరు గానీ తాగాలి. ఒకవేళ విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం మీద రాసినంత నీటిలోనే కలపండి, రుచి కోసం తగ్గించవద్దు. పిల్లలకు జ్వరం గానీ విరేచనంలో రక్తం గానీ కనిపిస్తే వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి.

తిరిగి వచ్చాక

వచ్చేటప్పుడు ఒక చిన్న సీసా హే కో తెచ్చుకోండి, గాలి చొరకుండా మూడు సంచుల్లో చుట్టి పెట్టెలో పెట్టండి. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున కానాగంతలు తెచ్చి, చింతపండు నీటిలో ఉడికించి, ముళ్లు ఏరి చిదిపి, ఎండుమిరప, ఉల్లి నూరిన ముద్దతో మళ్లీ కాయండి. టార్చ్ జింజర్ మొగ్గ మన బజారులో దొరకదు, అల్లం దానికి సరిపడదు, కనుక అది లేకుండానే చేయండి. బియ్యపు నూడుల్స్ మీద పులుసు పోసి, అనాస, దోసకాయ, పుదీనా పైన వేసి, హే కో సీసాను బల్ల మధ్య మూత తీసి ఉంచండి. మా ఇంట్లో ఆ సీసా రెండు నెలల్లో అయిపోయింది. అత్తగారు మాత్రం ఆ పూట వంటింటి కిటికీలు రెండూ తెరిపించి, తన పప్పుచారు పక్క పొయ్యి మీద పెట్టుకుంటారు.